తెప్పలో పెట్టె బిగించే ముందు... జీపీఎస్ ఏది, చేపల జాడ చెప్పే మిషన్ ఏది?

ఈ పేజీలో వరి, కొబ్బరి, చేపల చెరువుల మాటే తప్ప సముద్రం మాట రాదేమని ఉప్పాడ తీరంలో ఒక పెద్దాయన నిలదీశారు. "మాకూ అరెకరం భూమి ఉందండి. దాని మీద నాలుగు నోళ్లు నిండవు. అందుకే కదండీ తెల్లారకుండా కెరటం దాటేది. మా పెట్టుబడి మాత్రం పెట్టుబడి కాదేంటండీ?" అన్నారాయన. ఆ మాటకు సమాధానం లేదు. అందుకే ఈ వారం ఎరువుల సంగతి పక్కన పెట్టి తెప్పల సంగతి చెప్పుకుందాం.

ఆయన పాకలో దూలానికి ఒక పాలిథిన్ సంచి వేలాడుతోంది. అందులో చేపల జాడ చెప్పే మిషన్ ఉంది. నిరుడు వేట నిషేధం రోజుల్లో, తమ సరుకు కొనే వ్యాపారి దగ్గర 38 వేలు బాకీ తీసి కొన్నారట. వేట మొదలైన రెండో వారంలోనే మిషన్ పని ఆగింది. తెర వెలుగుతుంది. కానీ సముద్రం అడుగు కనపడదు. కారణం వెతికితే చిన్నదే. నీటిలో ఉండాల్సిన గుండీలాంటి భాగాన్ని తెప్ప వెనక చెక్కకు కిందికంటా బిగించి పంపారు. తెప్పను రోజూ ఇసుకలోకి లాగుతారన్న సంగతి బిగించినవాడికి తట్టలేదు, అమ్మినవాడు అడగలేదు. నాలుగు లాగుళ్లకు అది పగిలి తీగ తెగింది. మిషన్ ఆగినా వడ్డీ ఆగదు కదా. వ్యాపారి చెప్పిన ధరకే సరుకు వేయాల్సి వస్తోంది.

ఇలాంటి సంచులు తీరంలో ఇంకా చాలా పాకల్లో వేలాడుతున్నాయి. తప్పు మిషన్‌ది కాదు. ఏ తెప్పకు ఏది పనికొస్తుందో చూడకుండా కొనడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ముందు రెండింటికీ తేడా తెలియాలి

చాలామంది జీపీఎస్‌నీ, ఫిష్‌ఫైండర్‌నీ ఒకటే అనుకుంటారు. రెండూ కలిపి ఒకే పెట్టెలో అమ్మడం వల్ల ఈ గందరగోళం. జీపీఎస్ అనేది మీరు ఎక్కడున్నారో చెబుతుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, కనీసం నాలుగింటితో లెక్క కట్టి, మీ చోటును అక్షాంశం, రేఖాంశం అంకెల్లో చూపుతుంది. దానికి సెల్‌ఫోన్ టవరు అక్కర్లేదు. నెలవారీ బిల్లూ ఉండదు. 2000 సంవత్సరం మే నెల వరకు అమెరికా వాళ్లు ఈ సంకేతాన్ని కావాలనే కొంత చెరిపి వదిలేవారు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ అడ్డు తీసేశాక ఇప్పుడు మామూలు మిషన్ కూడా పది మీటర్ల లోపే చూపుతోంది. పది మీటర్లంటే మన తెప్ప పొడవు.

ఫిష్‌ఫైండర్ పని వేరు. అది మీ తెప్ప కింద ఏముందో చెబుతుంది. పొలంలో బోరు వేసే ముందు నేల కింద నీరుందో లేదో చూపించుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే దీని లెక్క పక్కా. నీటిలో ఉండే ట్రాన్స్‌డ్యూసర్ మన చెవికి వినపడని శబ్దాన్ని కిందికి పంపుతుంది. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. అడుగుకు తగిలి వెనక్కి వచ్చిన వేళను బట్టి లోతు కడుతుంది. 75 మీటర్ల లోతుకు పోయి రావడానికి పట్టేది సెకనులో పదో వంతే. మధ్యలో చేపలకు తగిలిన శబ్దం ముందుగా వస్తుంది. అదే తెర మీద మచ్చగానో, వంపు గీతగానో కనపడుతుంది.

డబ్బు ఒక్కదానికే ఉంటే ఏది కొనాలి? ఈ విలేకరి అడిగిన తండేళ్లలో ఎక్కువమంది జీపీఎస్ అనే చెప్పారు. మా అభిప్రాయమూ అదే. చేప దొరక్కపోతే ఒక రోజు పోతుంది. దారి దొరక్కపోతే మనిషే పోవచ్చు.

ఇక ఒడ్డు కనపడేంత దూరంలోనే, పది బారల లోపు నీటిలో వల వేసి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవారు ఏదీ కొననక్కర్లేదు. వారికి మంచి దిక్సూచి, నీరు పోని సంచిలో పెట్టిన సెల్‌ఫోను చాలు. మ్యాపు ముందే దింపుకుని ఉంచితే సిగ్నల్ లేకపోయినా ఫోనులో జీపీఎస్ పని చేస్తుంది. రొయ్య కోసం వల వేసేవారు ఫిష్‌ఫైండర్ మీద ఆశ పెట్టుకోవద్దు. అడుగునంటి ఉండే రొయ్యను అది విడదీసి చూపలేదు.

అంకెల దగ్గరే మోసపోతారు

జీపీఎస్ కొన్నవారికి మొదట వచ్చే తంటా అంకెలు చదవడంలో. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు తీసిన సముద్రపు వేడిమి, నాచు పచ్చదనం వివరాలను చూసి, చేపలు చేరే అవకాశం ఉన్న చోట్లను తెలుగులో కూడా తెలియజేస్తోంది. మీ రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లు, అక్కడ లోతెంత, అక్షాంశ రేఖాంశాలెంత అన్నది అందులో ఉంటుంది. వేట నిషేధం రోజుల్లోనూ, మబ్బు కమ్మి ఉపగ్రహానికి నీరు కనపడని రోజుల్లోనూ ఈ సమాచారం రాదు. జీపీఎస్ లేనివాడికి ఆ అంకెలు చేతికొచ్చినా అక్కరకు రావు. ఉన్నవాడు కూడా జాగ్రత్తగా ఎక్కించాలి.

ఒక డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. ఒక సెకను సుమారు 31 మీటర్లు. ఇప్పుడు ఈ చిక్కు చూడండి. ఎవరో మీకు 17 డిగ్రీల 5 నిమిషాల 50 సెకన్లు అని చెప్పారు. మీ మిషన్ మాత్రం నిమిషాలను దశాంశంలో చూపే పద్ధతిలో ఉంది. మీరు 5.50 అని కొట్టారు. మిషన్ దృష్టిలో 5.50 అంటే ఐదున్నర నిమిషాలు, అంటే 5 నిమిషాల 30 సెకన్లే. 20 సెకన్ల తేడా. ఆరు వందల మీటర్లకు పైగా పక్కకు పోయారన్న మాట. రేఖాంశంలో కూడా అదే తప్పు చేస్తే ఇంకా దూరం. "మిషన్ అబద్ధం చెబుతోంది" అని తిట్టుకునేవారిలో సగం మంది బాధ ఇదే.

కాబట్టి కొన్న రోజే దుకాణంలో కూర్చుని సెట్టింగులో ఏ పద్ధతి ఉందో చూసుకోండి. రేవులో అందరూ ఒకే పద్ధతి పెట్టుకుంటే మరీ మంచిది. డేటమ్ అన్న చోట డబ్ల్యూజీఎస్ 84 ఉండాలి. దూరం కిలోమీటర్లలోనా, నాటికల్ మైళ్లలోనా అన్నదీ ఒకసారి చూడండి. ఈ రెండు కలగాపులగమైతే నూనె లెక్క తప్పుతుంది.

పాత తండేళ్లు రెండు కొండలో, ఒక దీపస్తంభం ఒక తాడిచెట్టో ఒకే వరుసలోకి వచ్చేలా చూసి చోటు పట్టేవారు. ఆ విద్య ఇప్పటికీ పనికొస్తుంది. ఆ చోట్లకు పోయినప్పుడల్లా జీపీఎస్‌లో గుర్తు నొక్కి ఉంచుకోండి. వల చిక్కుకునే రాళ్లున్న చోటు, మునిగిన పడవ, నది మొగ, అన్నీ గుర్తులే. కాకినాడ బయట సముద్రంలో చమురు, గ్యాస్ కట్టడాలు ఉన్నాయి. వాటి చుట్టూ 500 మీటర్ల లోపు పోకూడదన్నది నిబంధన. ఆ చోటుకు దగ్గరవుతుంటే కూత పెట్టేలా అలారం పెట్టుకోవచ్చు.

ఒక హెచ్చరిక. పోయిన దారినే తిరిగి చూపే ట్రాక్ బాగా ఉపయోగమే. కానీ గోదావరి మొగల దగ్గర దాన్ని గుడ్డిగా నమ్మవద్దు. ప్రతి వరదకూ ఇసుక మేటలు జరుగుతుంటాయి. నిరుడు పారిన దారిలో ఈ ఏడు మేట ఉండవచ్చు. అలాగే తేలిపోయే వలకు గుర్తు పెడితే అది వల వదిలిన చోటు మాత్రమే. వల నీటితో పాటు కదిలిపోతుంది కదా. ఇంకొకటి. తెప్ప ఆగి ఉన్నప్పుడు మామూలు జీపీఎస్ దిక్కు సరిగా చెప్పలేదు, కదులుతుంటేనే చెబుతుంది. అందుకే దిక్సూచిని అటక ఎక్కించవద్దు.

మనిషి నీళ్లలో పడితే నొక్కే మీట కూడా చాలా మిషన్లలో ఉంటుంది. ఎం.ఓ.బి. అని రాసి ఉంటుంది. నొక్కగానే ఆ చోటు నిలిచిపోయి వెనక్కి దారి చూపుతుంది. తెప్పలో ఉన్న నలుగురికీ ఆ మీట తెలియాలి. తండేలుకు ఒక్కడికే తెలిస్తే, పడిపోయింది తండేలే అయితే ఏం చేస్తారు?

ఫిష్‌ఫైండర్‌లో చూడాల్సింది తెర కాదు

దుకాణంలో ముందు చూపేది తెర. ఐదంగుళాలా, ఏడంగుళాలా, రంగులెన్ని అంటారు. ఎండలో కనపడేటంత వెలుగు ఉండాలి, అది నిజమే. దుకాణం నీడలో చూసి మురిసిపోకుండా మిషన్‌ను వీధిలోకి తెచ్చి ఎండలో పెట్టి చూడండి. ఐదంగుళాలు చిన్న తెప్పకు సరిపోతుంది. పెద్ద తెరకు బ్యాటరీ ఎక్కువ కావాలి.

అసలు చూడాల్సింది శబ్దం ఏ ఫ్రీక్వెన్సీలో పోతుందన్నది. 200 కిలోహెర్ట్జ్ శబ్దం సన్నగా కిందికి పోతుంది. తక్కువ లోతులో విడివిడిగా బాగా చూపుతుంది. 50 కిలోహెర్ట్జ్ వెడల్పుగా, లోతుగా పోతుంది, కానీ వివరం తక్కువ. 20 డిగ్రీల కోణంలో పోయే శబ్దం 30 మీటర్ల లోతులో సుమారు పది మీటర్ల వెడల్పు చోటునే చూస్తుంది. 45 డిగ్రీలదైతే 25 మీటర్లు. అంటే ఎంత ఖరీదైన మిషనైనా మీ కింద ఒక కల్లమంత చోటునే చూస్తోంది. పక్కన వంద మీటర్లలో కవ్వల గుంపు పోతున్నా దానికి తెలియదు. "ఇది కొంటే సముద్రమంతా కనపడుతుంది" అని ఎవరైనా అంటే నమ్మవద్దు. రెండు ఫ్రీక్వెన్సీలూ ఉన్నది గానీ, చర్ప్ అనే రకం గానీ తీసుకుంటే రెండు విధాలా పనికొస్తుంది. చెరువులు, సరస్సుల్లో గేలం వేసేవారి కోసం చేసిన చవక రకాలు కూడా అమ్ముతున్నారు. అవి ఉప్పు నీటిలో, లోతులో నిలవవు.

పవర్ దగ్గర కూడా ఒక మాయ ఉంది. పెట్టె మీద 4000 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది పీక్ టు పీక్ లెక్క. ఆర్‌ఎంఎస్ లెక్కలో అది సుమారు ఎనిమిదో వంతు, అంటే 500 వాట్లే. రెండు మిషన్లు పోల్చేటప్పుడు రెండింటికీ ఆర్‌ఎంఎస్ ఎంతో అడగండి. ఒకదానికి ఈ లెక్క, ఇంకోదానికి ఆ లెక్క చూసుకుంటే దెబ్బ తింటారు.

లోతు కొలతను మీటర్లు, అడుగులు, ఫాతంలలో ఏదైనా పెట్టుకోవచ్చు. ఫాతం అంటే ఆరడుగులు, మన బార లెక్కే. బారల్లో బతికినవాళ్లం కాబట్టి మిషన్‌ను ఫాతంలలో పెట్టుకోండి. తండేలు బుర్రలో ఉన్న లెక్కా, తెర మీది లెక్కా ఒకటవుతాయి.

తెరను చదవడం నాలుగు రోజుల్లో రాదు. తెరకు కుడి చివర కనపడేదే ఇప్పటి సంగతి. ఎడమకు పోయేదంతా దాటి వచ్చినది. ముందున్నది అది చూపదు. అడుగు గీత మందంగా, దాని కింద ఇంకో గీత కూడా కనపడితే అడుగు గట్టి అని, రాయి కావచ్చని అర్థం. సన్నగా, పేలవంగా ఉంటే బురద. వల చిరగకుండా కాపాడేది ఈ తెలివే. నిజానికి వలలు వేసేవారికి చేప జాడ కంటే అడుగు జాడ వల్లనే ఎక్కువ లాభం. చేప బొమ్మలు చూపే సౌకర్యం ఉంటుంది, దాన్ని ఆపేయండి. బుడగనూ, చెత్తనూ కూడా చేప బొమ్మగా చూపిస్తుంది. చేప కడుపులోని గాలితిత్తికి శబ్దం బాగా తగులుతుంది. ఆ తిత్తి లేని సొర, టేకు వంటివి సరిగా కనపడవు. కాబట్టి తెర ఖాళీగా ఉందంటే నీరు ఖాళీ అని కాదు.

ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడ బిగించాలి?

మన పెద్దాయన మిషన్ పోయింది ఇక్కడే. జెట్టీకి కట్టే బోట్లకు వెనక చెక్కకో, అడుగుకో బిగిస్తే సరిపోతుంది. ఒడ్డుకు లాగే తెప్పకు అది కుదరదు. దీనికి రెండు దారులున్నాయి.

ఒకటి, ఫైబరు లోపలి వైపున అంటించడం. శబ్దం గట్టి ఫైబరు గుండా పోతుంది. చెక్క గుండా, థర్మోకోల్‌లాంటి ఫోము గుండా పోదు. మన తెప్పల్లో చాలా వాటికి తేలడానికి అడుగున ఫోము నింపుతారు. అందుకే అంటించే ముందు పరీక్ష చేయాలి. తెప్పను నీటిలో ఉంచి, పాలిథిన్ సంచిలో కొంచెం నీరు పోసి, అందులో ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి అడుగుకు ఆనించండి. తెర మీద లోతు వస్తే అక్కడ అంటించవచ్చు. రాకపోతే అక్కడ పనికిరాదు. అంటించేటప్పుడు మధ్యలో గాలి బుడగ ఉండకూడదు. ఈ పద్ధతిలో కొంత బలం తగ్గుతుంది, పైగా నీటి వేడిమి సరిగా తెలియదు.

రెండోది, పక్క అంచుకు మడతబందు వేసి ఒక పైపు బిగించి, దాని చివర ట్రాన్స్‌డ్యూసర్ పెట్టడం. చోటుకు చేరి ఇంజను నెమ్మది చేశాక దించుతారు, కెరటం దాటే ముందు ఎత్తి కడతారు. ఖర్చు తక్కువ, ఊళ్లో వెల్డింగు షాపులోనే అవుతుంది. మాకు ఇదే నచ్చింది. పైపు చివర తెప్ప అడుగు కంటే కొంచెం కిందికి ఉండాలి, ముఖం సరిగ్గా కిందికి చూడాలి. ఇంజను ఫ్యాను లేపే నురగకు దూరంగా ఉండాలి. నురగలో గాలి ఉంటే తెరంతా చుక్కలే. తీగ పొడవైందని కోసి అతకవద్దు, చుట్ట చుట్టి ఉంచండి. ఇంజను తీగల పక్కనే దాన్ని పోనివ్వవద్దు.

బ్యాటరీ లెక్క

తాడు లాగి స్టార్టు చేసే చిన్న ఇంజన్లలో చాలా వాటికి చార్జింగు ఉండదు. బ్యాటరీ విడిగా పెట్టుకోవాలి. ఐదంగుళాల మిషన్ పది వాట్లు తాగుతుందనుకోండి. 12 వోల్టులకు గంటకు 0.83 ఆంపియర్లు. 14 గంటల వేటకు సుమారు 12 ఆంపియర్ అవర్లు. మామూలు లెడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ దించితే త్వరగా పాడవుతుంది. అంటే 24కు తగ్గకుండా, 26 దగ్గర ఉన్నది కావాలి. దుకాణంవారు ఇచ్చే 7 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ నాలుగు గంటలకే సగానికి వస్తుంది. ఫ్యూజు లేకుండా బిగించవద్దు. బిగింపుల మీద వాజలైన్ రాస్తే ఉప్పు పట్టదు. బ్యాటరీని మూత ఉన్న డబ్బాలో పెట్టి కట్టేయండి, తెప్ప కుదుపుకు దొర్లకూడదు.

చేతిలో పట్టుకునే జీపీఎస్ అయితే పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. కొత్త సెల్స్ ఒక జత ఎప్పుడూ విడిగా పొడి డబ్బాలో ఉండాలి. మిషన్ మీద ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట పడి ఉన్నా తట్టుకుంటుంది. అది మంచి నీటికి పెట్టిన పరీక్ష. ఉప్పు నీరు తగిలినప్పుడల్లా మంచి నీటి గుడ్డతో తుడవాలి.

బిల్లు లేకుండా తెచ్చే సరుకు రెండు మూడు వేలు తక్కువకు వస్తుంది. పాడైతే బాగు చేసే దిక్కుండదు. గార్మిన్, ఫ్యూరునో వంటి పేరున్నవి కొన్నా, బాగు చేసే చోటు మన జిల్లాలో ఉందా, విశాఖ పోవాలా అన్నది ముందు అడగండి. విడిగా ట్రాన్స్‌డ్యూసర్ దొరుకుతుందా అన్నదీ అడగండి. దాని ప్లగ్గు ఒక్కో మోడలుకు ఒక్కో రకం.

కొనకుండా వచ్చేవి కూడా ఉన్నాయి

ఇస్రో ఉపగ్రహం ద్వారా పని చేసే ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు ఉచితంగా బిగించే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టు 30న మొదలుపెట్టింది. మరబోట్లకే కాక మోటారు పెట్టిన తెప్పలకూ ఇది వర్తిస్తుంది. టవరు అందని చోటు నుంచి కూడా ఆపద కబురు పంపవచ్చు, తుపాను కబురు అందుకోవచ్చు, సరిహద్దు దగ్గరైతే హెచ్చరిక వస్తుంది. సరిహద్దు సంగతి మనకెందుకు అనుకోవద్దు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు పోయిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు పాకిస్తాన్ చెరలో పడి, 20 మంది 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఆ కథతోనే మొన్న సినిమా కూడా వచ్చింది. వలస పోయి అక్కడి బోట్లు ఎక్కే మన కుర్రాళ్లు జీపీఎస్ తెర చదవడం నేర్చుకుని పోవాలి. ట్రాన్స్‌పాండరు కోసం గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకుణ్ణి కలవండి. తెప్ప రిజిస్ట్రేషను కాగితం దగ్గర ఉంచుకోండి. తీర రక్షక దళం ఉచిత నంబరు 1554. దాన్ని ఫోనులోనే కాదు, తెప్ప లోపలి అంచున రంగుతో రాయించండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఉండదు. బిగింపులకు, నేర్చుకోవడానికి అదే అదను. ఉప్పాడ పెద్దాయన ఈసారి మిషన్ జోలికి పోకుండా ముందు పైపు చేయించారు. మడతబందు బిగించి, చివర ఒక కొబ్బరి బొండం కట్టి, కెరటంలో పది సార్లు దింపి ఎత్తి చూశారు. ఎనిమిదోసారికి బోల్టు వదులైంది. దానికి రెండో నట్టు వేయించి, "ఇప్పుడు ఆ గుండీ ధర కనుక్కుని చెప్పండి సార్" అన్నారు.